ఎడమ బూటు ముడి

బూట్ల వర్క్‌షాపు, మేడ గది
జూన్ 6

ప్రియమైన అత్తకు,

ఇంట్లోవాళ్లు నన్ను అర్థం చేసుకోవడం లేదని గొణిగే వయసు దాటేశాననుకున్నాను. దాటలేదు. నిన్న నాన్నతో ఫోన్ మాట్లాడుతుంటే మధ్యలో ఎవరో ఇంటికొచ్చారు. నేను లైన్లో ఉన్న సంగతి మరిచిపోయి, "మా అమ్మాయికి ఏ పనీ మూడు నెలలు మించి పట్టదండీ, ఇప్పుడు చెప్పులు కుడుతోంది" అని నవ్వాడు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేసి ఊరుకునేదాన్ని. ఆ నవ్వుతోనే వచ్చింది చిక్కు. నా గురించి ఇక బాధపడటం కూడా దండగ అనుకున్న మనిషి నవ్వు అది.

బీమా ఆఫీసు మానేశాను, నిజమే. స్కూల్లో లెక్కలు చెప్పడం మానేశాను, అదీ నిజమే. ఎందుకు మానేశావని ఒక్కరూ అడగలేదు. నిలకడ లేని పిల్ల అని తీర్మానం చేసేసి, చిన్నప్పుడు పెట్టిన 'బొంగరం' పేరుని మళ్లీ దులిపి బయటికి తీశారు. ఆఫీసులో నేను చేసిందల్లా ఒక కాగితం మీద ఉన్నదాన్ని ఇంకో కాగితం మీదికి ఎక్కించడం. స్కూల్లో పిల్లలు నచ్చారు, గంట నచ్చలేదు. ఒక పిల్లకి భిన్నాలు అప్పుడే బుర్రలోకి ఎక్కుతున్నాయనగా ఆ గంట మోగేది.

నీకే ఎందుకు రాస్తున్నానంటే, తొమ్మిదో తరగతిలో నేను లాంగ్‌జంప్‌లో పడ్డప్పుడు పరీక్ష ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నానని ఇల్లంతా అంది. డ్రిల్ టీచరువి నువ్వు ఒక్కదానివే నేలమీద కూర్చుని, నా చీలమండ బయటి ఎముక కొసన బొటనవేలితో నొక్కి, కాలు వైపు కాక నా మొహం వైపు చూశావు. "ఎక్స్‌రే తీయించు తమ్ముడూ" అన్నావు. ఎముక చిట్లింది. అప్పుడు నాకు కలిగిన సంతోషం నీకెప్పుడూ చెప్పలేదు. ఎముక చిట్లినందుకు కాదు, నన్ను నమ్మిన మనిషి ఒకరు ఉన్నందుకు.

ఇది చెప్పుల దుకాణం కాదత్తా. మామూలు బూట్లలో పట్టని పాదాలన్నీ ఇక్కడికొస్తాయి. అరికాలు నేలకి అతుక్కుపోయినవాళ్లు, బొటనవేలి పక్క ఎముక పొడుచుకొచ్చినవాళ్లు, తుంటి విరిగి అతుక్కున్నాక ఒక కాలు పొట్టిదైనవాళ్లు, షుగరు వల్ల పాదం మొద్దుబారి మేకు దిగినా తెలియనివాళ్లు. ఒక గోడ నిండా పాదాల ఆకారంలో చెక్క అచ్చులు. వాటి మీద పేర్లుండవు. 'కండక్టరు', 'పోస్ట్‌మాన్', 'కాంటీన్ వంటావిడ' అని పెన్సిల్‌తో రాసి ఉంటుంది. మా మేస్త్రికి మనుషుల పేర్లు గుర్తుండవు, పాదాలు మరుపు రావు.

ఆయనకి ఒక పద్ధతుంది. వచ్చినవాళ్లని ఎక్కడ నొప్పి అని ముందు అడగడు. చెప్పబోతే చెయ్యెత్తి ఆపుతాడు. వాళ్ల పాత బూట్లు తీసుకుని, కిటికీ దగ్గర బల్ల మీద బోర్లించి పది నిమిషాలు చూస్తాడు. నొప్పి వినేశాక కళ్లు ఆ నొప్పినే వెతుకుతాయట, అందుకని ముందు చూడాలట. మొదటివారం నాకు ఇది నాటకంలా అనిపించింది. తర్వాత కండక్టరు వచ్చాడు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో గాజుపెంకు గుచ్చుకున్నట్టుంటుందని వాళ్లావిడ తర్వాత చెప్పింది. మేస్త్రి ఆ మాట వినకముందే, బూటు చూసి, మడమ కింద వేలు పెట్టి "ఇక్కడ" అన్నాడు.

నీ మోకాలు ఎలా ఉంది? కాగితం మీద నిలబడి పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయించి పంపు. నీకు బూట్ల లోపల పరిచే అట్టలు చేస్తాను. ఫోన్ మాత్రం చెయ్యకు. నాన్న స్పీకర్ పెడతాడు.

నీ మేనకోడలు


స్కూలు మైదానం ఎదుటి ఇల్లు
జూన్ 17

నా బొంగరానికి,

ముద్దుగా లేకపోయినా ఇలాగే రాస్తాను. ఇరవై ఏళ్ల అలవాటు ఒక ఉత్తరంతో పోదు.

మీ నాన్నని నేను వెనకేసుకు రాను. కాకపోతే వాడికి నీ మీద ఆశ పోయిందన్నది తప్పు. పోయి ఉంటే తన స్నేహితుడి ఆఫీసులో ఏడాది చివర ఖాళీ అయ్యే కుర్చీ కోసం నీ పేరు చెప్పి ఉండడు. చెప్పాడు. నీకు ఇంకా చెప్పొద్దన్నాడు కాబట్టి నేను చెప్పలేదనుకో.

మోకాలికేం, ఎడమది కాస్త మొండికేసింది. డాక్టరు ఎక్స్‌రే చూసి "డ్రిల్ టీచరు మోకాలు కదమ్మా, ఇన్నేళ్లు ఆగడమే గొప్ప, గుజ్జు అరిగింది" అన్నాడు. స్టాఫ్ రూములో అందరూ అదే మాట. ముప్పై ఏళ్లు పిల్లల్ని పరుగెత్తించి, నేను పరుగెత్తి, చివరికి మోకాళ్లు బాగుంటే అదే వింత. ఇప్పుడు కుర్చీ వేసుకుని ఈల ఊదుతూ డ్రిల్ చేయిస్తున్నాను. పిల్లలకి ఇదే బాగుంది, నేను వెనక నుంచి పట్టుకోలేనని.

పాదాల గీతలు పంపుతున్నాను. మీ అమ్మ గీసింది. ఎడమది వంకరగా వచ్చిందని మళ్లీ గీసింది, మళ్లీ అంతే వచ్చింది. మేజోళ్లు లేకుండానే నిలబడ్డాను. ఈమధ్య మేజోళ్లు వేసుకోవడం మానేశాను, ఎండలకి హాయిగా ఉంది.

అచ్చుల మీద వృత్తులు రాయడం బాగుంది. నాది చేస్తే 'ఈల' అని రాయమను.

అత్త


బూట్ల వర్క్‌షాపు, మేడ గది
జూలై 5

ప్రియమైన అత్తకు,

పార్సిల్ విప్పి, ముందు వాసన చూడు. కొత్త తోలు, జిగురు, కార్క్ పొడి. ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడు నా జుట్టులో, దిండులో, టీ గ్లాసులో ఉంది.

ఈ అట్టలు పూర్తిగా నా చేతి పని. మోకాలి లోపలి వైపు అరిగినవాళ్లకి పాదం బయటి అంచు రవ్వంత ఎత్తు చేస్తే బరువు కాస్త పక్కకి జరుగుతుంది. ఎడమదానికి అలా చేశాను. గరుకు కాగితంతో అరగదీస్తూ, కంటికి కనిపించని ఎత్తుపల్లాల్ని బొటనవేలితో వెతుకుతూ మూడు సాయంత్రాలు కూర్చున్నాను. బీమా ఆఫీసులో మూడు నిమిషాలు కుదురుగా కూర్చోలేని మనిషిని నేనేనా అనిపించింది.

ఒక్క మెట్టు మాత్రం ఎగ్గొట్టాను. నీ పాత బూట్లు తెప్పించమన్నాడు మేస్త్రి. మా అత్త నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, బూట్లు చూసి తెలుసుకోవాల్సిన అవసరం లేదన్నాను. ఆయన సూదికి దారం ఎక్కించుకుంటూ ఉండిపోయాడు.

కండక్టరు మొన్న పనేమీ లేకుండానే వచ్చాడు. గోడ పట్టుకోకుండా బాత్రూముకి నడిచానని చెప్పడానికి రెండు బస్సులు మారి వచ్చాడు. ఆ మాట చెప్పేసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అత్తా, బీమా ఆఫీసుకి ఇలా ఒక్కరైనా వచ్చారా?

రోజూ వేసుకో. మొదటివారం రెండేసి గంటలు చాలు. ఎలా ఉందో రాయి.

నీ మేనకోడలు


స్కూలు మైదానం ఎదుటి ఇల్లు
జూలై 24

నా బొంగరానికి,

అట్టలు అమోఘం. సగం నొప్పి పోయింది. స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. సైన్సు టీచరు తనకీ కావాలంది. మా మేనకోడలు తీరిక లేని మనిషి, వరసలో నిలబడమన్నాను. నీ చేతికి ఇంత ఓపిక ఎక్కడిదే తల్లీ? కుట్టు చూస్తే మిషన్ మీద వేసినట్టుంది.

ఇక ఇంటి సంగతి. డాక్టరు మోకాలు మార్చేయడమే మంచిదన్నాడు. సెప్టెంబరు రెండున ఆపరేషన్. మీ నాన్నే తేదీ ఖాయం చేశాడు. నాకు ఆరు వారాలు మనిషి తోడుండాలట. మీ అమ్మకి నడుము నొప్పి. అందుకని నువ్వు ఆగస్టు చివరికి వచ్చేస్తే, నేను లేచి తిరిగేసరికి ఆ ఆఫీసు కుర్చీ కూడా ఖాళీ అవుతుందని వాడి లెక్క. ఒక్క ప్రయాణంలో రెండు పనులు అన్నాడు.

నేను అవుననలేదు, కాదననూ లేదు.

ఆపరేషన్ అంటే భయం లేదు. ఇంకా మూడేళ్ల సర్వీసు మిగిలి ఉంది. ఆ మూడేళ్లూ కుర్చీలో కూర్చుని ఈల ఊదాలంటేనే భయం.

అత్త


బూట్ల వర్క్‌షాపు, మేడ గది
ఆగస్టు 2

అత్తకు,

వస్తాను. ఆగస్టు ఇరవై ఎనిమిదిన బయలుదేరతాను.

నీ కోసం రావడానికి నాకు ఒకరి లెక్కలు అక్కర్లేదు. నేను వస్తానో రానో నన్నడక్కుండా, ఆ ప్రయాణంలో ఇంకో పని కూడా ఇరికించారే, అదొక్కటే మింగుడు పడటం లేదు. నువ్వు కాదననూ లేదు అన్న వాక్యం నాలుగుసార్లు చదివాను.

సగం నొప్పి పోయిందన్న సంగతి మేస్త్రికి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆ అట్టతో సగం నొప్పి పోయినవాళ్లని తన నలభై ఏళ్లలో చూడలేదన్నాడు. పావు వంతు తగ్గితే గొప్పట. ఎవరు రాశారని అడిగాడు. మా అత్త అన్నాను. "మేనకోడలంటే ప్రాణమా?" అన్నాడు. అవునన్నాను. "అయితే బూట్లు తెప్పించు" అన్నాడు.

ఆపరేషన్ తర్వాత పాదం వాస్తుంది కాబట్టి వెడల్పాటి బూట్లు ఒక జత కుట్టి తెస్తాను. కొలతకి నీ పాత బూట్లు పంపు. రోజూ వేసుకునేవే. తుడవకు, పాలిష్ పెట్టకు.

నీ మేనకోడలు


స్కూలు మైదానం ఎదుటి ఇల్లు
ఆగస్టు 9

తల్లీ,

పంపుతున్నాను. పాలిష్ పెట్టలేదు, నువ్వన్నావని. మరీ అధ్వానంగా ఉన్నాయి, మీ మేస్త్రికి చూపించకపోతే బాగుండును. నేను పిల్లల బూట్లు తనిఖీ చేసేదాన్ని, ఇలాంటివి వేసుకొస్తే వెనక్కి పంపేదాన్ని.

నువ్వు కోపంగా రాసినా రాశావు కాబట్టి సంతోషం.

అత్త


బూట్ల వర్క్‌షాపు, కిటికీ దగ్గర బల్ల
ఆగస్టు 14

అత్తా,

ఈ ఉత్తరం అందిన రోజే చదువు. అందిన రోజే చెప్పిన పని చెయ్యి.

బూట్లు మేస్త్రికి చూపించలేదు. ముందు నేనే చూశాను. బల్ల మీద బోర్లించి, ఇది మా అత్తది కాదు, ఎవరో తెలియని ఆవిడది అని నాకు నేను చెప్పుకుని, పది నిమిషాలు చూశాను.

కుడి బూటు అరిగి అడుగు పల్చనైపోయింది. ఎడమది దానిలో సగం కూడా అరగలేదు. ఎడమ మడమ బయటి మూలే అరిగింది, అంటే పాదం బయటికి తిరిగి నేలని తాకుతోంది. అమ్మ వంకరగా గీసిందని రాశావే, ఆవిడ గీత వంకర కాదు. నీ పాదమే అలా నిలబడుతోంది.

తర్వాత లేసులు. కుడి లేసు రోజూ విప్పి కట్టినట్టు మెత్తగా, రంగు పోయి ఉంది. ఎడమ ముడి గట్టిపడింది. మైదానం మట్టి ముడి లోపలికంటా దిగి రాయిలా అయింది. దాన్ని విప్పడానికి నాకు సూది కావలసి వచ్చింది. ఆ ముడి నెలల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. వెనక భాగం నలిగి లోపలికి మడతపడింది. నువ్వు వంగకుండా, నిలబడి ఉండగానే పాదాన్ని లోపలికి తోస్తున్నావు. ఎడమ పాదం నీ చేతికి అందడం లేదు అత్తా. ఎండలకి హాయిగా ఉందని మేజోళ్లు మానలేదు నువ్వు.

లోపల నా అట్ట ఉంది. పంపే ముందు పెట్టి ఉంటావు. దాని మీద చెమట మరక లేదు, వేళ్ల గుర్తు లేదు. నా పెన్సిల్ గీత కూడా చెరగలేదు.

అప్పుడు మేస్త్రిని పిలిచాను. ఆయన రెండు బూట్లూ చేత్తో పట్టుకుని ఒక్క మాటన్నాడు. "మనం డాక్టర్లం కాదు. కానీ ఇది మోకాలి మనిషి బూటు కాదు."

మూడు పనులు చెప్పాడు. ఒకటి, కుర్చీలో కూర్చుని ఎడమ చీలమండని కుడి మోకాలి మీద పెట్టుకోగలవేమో చూడు. రెండు, కుర్చీలోంచి లేచేటప్పుడు మొదట నొప్పి పుట్టేచోట అరచెయ్యి పెట్టు. మోకాలని నోటితో అనకు, చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూడు. మూడు, అమ్మని నీ వెనక నడవమని, నువ్వు ఎటు ఒరుగుతున్నావో చెప్పమను. ఇవి చేశాక ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి, తుంటి చూడమని అడుగు. మోకాలు కోయించుకునే ముందు వెళ్లు. మేము పొరబడి ఉంటే నాన్న ఇంకో ఏడాది నవ్వుకోవచ్చు.

ఇక నాకూ నీకూ సంబంధించిన మాట. నొప్పి దాచిపెట్టి పరుగెత్తిన పిల్లని నువ్వు నెల రోజులు మైదానంలోకి రానిచ్చేదానివి కాదు. సగం నొప్పి పోయిందని ఎలా రాయగలిగావు? ఇంట్లోవాళ్లు నేను పనికి నిలవలేననుకున్నారు. నువ్వేమో, నిజం వింటే నేను నిలవలేననుకున్నావు.

నా తప్పు కూడా రాస్తాను. నువ్వు మోకాలన్నావు, నేను మోకాలి అట్ట చేశాను. ఊరూ పేరూ తెలియని మనిషి వచ్చి ఉంటే బూట్లు లేకుండా ముట్టుకునేదాన్ని కాదు.

నీ మేనకోడలు


స్కూలు మైదానం ఎదుటి ఇల్లు
ఆగస్టు 22

నా తల్లికి,

తిట్టిన తిట్లన్నీ నాకు తగినవే. ముందు జరిగింది చెబుతాను.

చీలమండని మోకాలి మీద పెట్టుకోవడం సగం దాకా కూడా రాలేదు. చేత్తో పట్టి లేపబోతే కుర్చీలోంచి జారబోయాను. అరచెయ్యి సంగతి విచిత్రం. నొప్పి మోకాల్లోనే అని నోరు చెబుతోంది, చెయ్యి మాత్రం గజ్జల్లోకి వెళ్లింది. మూడుసార్లు లేచాను, మూడుసార్లూ అక్కడికే. మీ అమ్మ వెనక నడుస్తూ "వదినా, నువ్వు ఎడమ కాలు పడ్డప్పుడల్లా ఆ పక్కకి వాలుతున్నావు, నేను ఇన్నాళ్లూ నీ నడకే అంతనుకున్నాను" అంది.

మీ నాన్న మాత్రం ఒప్పుకోలేదు. చెప్పులు కుట్టేవాళ్ల మాట పట్టుకుని డాక్టర్ని మారుస్తామా అన్నాడు. నేను ఈల తీసి ఊదాను. ఇంట్లో, హాలు మధ్యలో. చిన్నప్పుడు వాడికి పరుగు నేర్పింది నేనే, ఆ శబ్దానికి వాడు ఇప్పటికీ నిటారుగా నిలబడతాడు. ఆటో పిలుచుకొచ్చాడు.

కొత్త డాక్టరమ్మ చిన్న పిల్ల, నీ కంటే ఐదారేళ్లు పెద్దదేమో. పడుకోబెట్టి మోకాలు వంచింది, చాచింది, నొక్కింది. ఏమీ లేదు. తర్వాత కాలు మడిచి ఉంచి తొడని లోపలికి తిప్పింది. కేక పెట్టాను. వరండాలో కూర్చున్న మీ నాన్న లోపలికి వచ్చేశాడు. తుంటి ఎక్స్‌రే ఇంతకు ముందు ఎవరూ తీయలేదా అని ఆవిడ అడిగింది. తీయలేదు. నేను మోకాలన్నాను, వాళ్లు మోకాలు తీశారు. తీయించి చూస్తే తుంటి కీలులో గుజ్జన్నదే మిగల్లేదు, ఎముక ఎముకకి ఆనుకుని ఉంది. మోకాలు నా వయసుకి ఉండాల్సినట్టే ఉందట. తుంటి నుంచీ మోకాలి నుంచీ కబురు మోసే నరం ఒకటే కాబట్టి, ఒక్కోసారి తుంటి ఏడిస్తే మోకాలు ఏడ్చినట్టుంటుందని చెప్పింది. మోకాలు మార్చి ఉంటే బాగున్న కీలు పోయేది, నొప్పి అలాగే ఉండేది.

తుంటి చూడమని మీకు ఎవరు చెప్పారని అడిగింది. బూట్లు కుట్టే మా మేనకోడలు అన్నాను. నువ్వు డిగ్రీ చదివావన్న సంగతి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

తిరిగొచ్చాక మీ నాన్న ఇంటి ముందు నన్ను దింపుతూ, "అది అక్కడ కూర్చునే కుర్చీకి వీపు ఆనించుకునేది ఉందా?" అని అడిగాడు. తెలియదన్నాను. రాసేటప్పుడు కనుక్కోమన్నాడు. ఇదిగో, అడుగుతున్నాను.

మోకాలి ఆపరేషన్ రద్దయింది. తుంటికి అక్టోబరు ఎనిమిదిన, కాబట్టి ఇరవై ఎనిమిదిన నువ్వు బయలుదేరకు.

అట్టల సంగతి. ఒక పొద్దున్న వేసుకున్నాను, స్కూలు గేటు దాకా కూడా నడవలేక తీసేశాను. నీ ఉత్తరంలో ఆ మూడు సాయంత్రాల గురించి చదివాను. కాలేజీ అయ్యాక నీ దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఏదో ఒకదాని మీద ఫిర్యాదే ఉండేది. ఆ ఒక్కదాంట్లో లేదు. దాన్ని పాడుచేయడానికి చేతులు రాలేదు. డ్రిల్ టీచరుగా నేను చేసిన పెద్ద తప్పు ఇదే అనుకుంటాను. ముప్పై ఏళ్లు అందరి కాళ్లూ చూసి, నా కాలు నేను చూసుకోలేదు. అందుకు నువ్వు దొరికావు. నీకు థాంక్స్ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నీ పక్కన కూర్చుని చెప్పినట్టే అనుకో.

అత్త


బూట్ల వర్క్‌షాపు, మేడ గది
సెప్టెంబరు 4

ప్రియమైన అత్తకు,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. తర్వాత కిందికి దిగి మేస్త్రికి చదివి వినిపించాను. ఈల ఊదిన చోట ఆయన నవ్వాడు, ఎక్స్‌రే చోట కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ డాక్టరమ్మ చెయ్యి మంచిదన్నాడు. తన పద్ధతి గురించి ఒక్క మాట గొప్పగా చెప్పుకోలేదు. మధ్యాహ్నం మాత్రం రోజూ తాను కూర్చునే కిటికీ బల్ల కాస్త జరిపి, పక్కన నా స్టూలుకి చోటు చేశాడు.

నాన్నకి చెప్పు, స్టూలుకి వీపు లేదు. గోడ ఉంది.

అంత కోపంగా రాశాను కదా, ఆ కోపం పోయింది. చెట్టంత మనిషివి, నన్ను సంతోషపెట్టడానికి కుంటుతూ అబద్ధమాడావు. నిన్ను కాపాడింది నేను అంటే నాకు నమ్మకం కుదరడం లేదు. తొమ్మిదో తరగతిలో నువ్వు నా మొహం వైపు చూసినట్టు, నేను నీ బూటు వైపు చూశాను. అది నేర్పింది నువ్వు.

పది రోజులు సెలవు తీసుకుని అక్టోబరు ఏడుకి వస్తున్నాను. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు మూడు నెలల దాకా లోతుగా కూర్చోకూడదు, కిందికి వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. వంగకుండా బూటు తొడుక్కోవడానికి చేతికర్రంత పొడుగు గరిటె ఒకటి రేకుతో చేస్తున్నాం. చివర తోలు చుట్టాను. ఇంట్లో కుర్చీలన్నీ పొట్టివి, ఎత్తు చేయించమను.

నీ మేనకోడలు


స్కూలు మైదానం ఎదుటి ఇల్లు, ముందు గది
నవంబరు 20

నా బొంగరానికి,

ఆరు వారాలైంది. నిన్న చేతికర్రతో మైదానం ఒక చుట్టు తిరిగాను. పిల్లలు రెండు వైపులా చేరి, నేను ఎప్పుడూ వాళ్లకి అరిచేవన్నీ నాకు అరిచారు. తల ఎత్తు, చేతులు ఊపు, నేల చూడకు. రాత్రి కాలు వాచింది కానీ నొప్పి లేదు. పొద్దున లేచి కాసేపు మంచం మీద అలాగే కూర్చున్నాను, నొప్పి ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటూ. రెండేళ్లు కలిసి కాపురం చేసింది కదా.

నీ గరిటె స్టాఫ్ రూములో పేరు పొందింది. దానితో సీలింగు ఫ్యాను మీది బూజు కూడా దులిపారు. ఎడమ కాలు కొంచెం పొడుగైనట్టుంది. డాక్టరమ్మ చాలామందికి మొదట్లో అలా అనిపిస్తుందని, ఇంకో రెండు నెలలు చూద్దామని అంది. అప్పటికీ అలాగే ఉంటే కుడి బూటు నీకు వస్తుంది.

నువ్వున్న పది రోజులూ మీ నాన్న నీ వెనక వెనకే తిరిగాడు, గమనించావా? నువ్వు వెళ్లాక కుర్చీల కాళ్ల కింద చెక్క దిమ్మలు తానే కొట్టాడు. మరీ ఎత్తు చేశాడు. మీ అమ్మ కూర్చుంటే కాళ్లు నేలకి ఆనడం లేదు, చిన్నపిల్లలా ఊపుకుంటూ కూరగాయలు తరుగుతోంది.

ఆ ఆఫీసు కుర్చీ ఖాళీ అయింది. డిసెంబరు మొదటి తేదీన చేరాలి. నీకు నేరుగా రాయడానికి మీ నాన్నకి ధైర్యం లేదు, నన్ను రాయమన్నాడు. ఇప్పుడు వాడు నవ్వడం లేదు. నువ్వు దగ్గరుంటే చాలనుకుంటున్నాడు.

కిందటిసారి నేను అవుననలేదు, కాదననూ లేదు. ఈసారి అలా చేయను. నాకు ఏం కావాలో రాస్తున్నాను. నువ్వు ఇక్కడ ఉండాలని నాకుంది. సాయంత్రం ఆఫీసు నుంచి నడిచొచ్చి, నా ఎదుట కూర్చుని, ఎవరెవరు ఎలా నడుస్తున్నారో వెక్కిరిస్తూ చెప్పాలని ఉంది. ఆ పది రోజులు అలవాటయ్యాయి. ఇల్లు బోసిగా ఉంది. నొప్పి ఎక్కడుందో దాచకూడదని నువ్వే అన్నావు కాబట్టి చెప్పాను. ఇది చదివి నువ్వు ఏం చేయాలన్నది నీ ఇష్టం. నేను రెండోసారి అడగను.

అత్త


బూట్ల వర్క్‌షాపు, మేడ గది
నవంబరు 27

ప్రియమైన అత్తకు,

మైదానం ఒక చుట్టు తిరిగానన్న వాక్యం ఇక్కడ అందరికీ వినిపించాను. కండక్టరు కూడా ఉన్నాడు, చప్పట్లు కొట్టాడు. నిన్ను చూడనైనా చూడలేదు ఆయన.

నీకు ఏం కావాలో ఉన్నదున్నట్టు రాశావు. నన్ను పెద్దదాన్ని చేసి రాసిన మొదటి ఉత్తరం అది. అందులో ఒక్క మాట కూడా తగ్గించి చదువుకోలేదు. నాకూ ఆ పది రోజులు గుర్తొస్తున్నాయి. నువ్వు వాకర్ పట్టుకుని మొదటి నాలుగు అడుగులు వేసినప్పుడు నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అలాంటివన్నీ చూడగలిగినందుకు నీకూ, ఆ డాక్టరమ్మకీ, ఒక రకంగా నాన్నకీ కృతజ్ఞురాలిని. ఆయన మొండికేయకపోతే నువ్వు ఈల ఊది ఉండేదానివి కాదు.

పోయిన సోమవారం ఒకావిడ వచ్చింది. బట్టల మిల్లులో పని. మేస్త్రి లేడు, జిగురు కొనడానికి వెళ్లాడు. ఆవిడ నోరు తెరవబోతే నా చెయ్యి దానంతటదే లేచింది. బూట్లు తీసుకుని చూశాను. కుడి బూటు పక్కకి వాలిపోయి, బయటి అంచు తెగిపోయేలా ఉంది. చీలమండ పదే పదే మడతపడే మనిషి. చూశాక అడిగాను. నాలుగేళ్ల కింద ఒకసారి బెణికింది, కట్టు కూడా కట్టించుకోలేదు, అప్పటి నుంచీ మెట్లు దిగేటప్పుడు పడుతూనే ఉన్నానంది. ఇంట్లో అందరూ నువ్వు చూసుకుని నడవవు అంటారట. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ చీలమండ పట్టుకుని చూశాను. వదులుగా, తలుపు బందు ఊడినట్టు కదిలింది. ఇది చూసుకోకపోవడం కాదమ్మా, కీలు పట్టు సడలిందన్నాను. ఆవిడ కాసేపు నా వైపే చూసి ఏడ్చింది. చీలమండ ఎత్తు దాకా బిగించే బూట్లు కుడుతున్నాం. బలం రావడానికి ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు చెప్పే చోటికి పంపాను. మేస్త్రి వచ్చి అచ్చు చూసి, ఒక్క చోటే గీత సరిచేశాడు.

బుధవారం ఆయన నన్ను కూర్చోబెట్టి అడిగాడు. పూర్తిగా నేర్చుకోవాలంటే మూడేళ్లు పడుతుంది, మధ్యలో వెళ్లిపోయేదానివైతే ఇప్పుడే చెప్పు అన్నాడు. నీ ఉత్తరం అప్పటికే నా దగ్గర ఉంది. ఆ సాయంత్రం ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టాను.

ఇది నాన్నకి నువ్వే చదివి వినిపించు. ఆఫీసులో చేరడం లేదు. ఇక్కడే ఉంటాను.

నీ మేనకోడలు